బోరు నీటి గుట్టు విప్పే పచ్చని వెలుగు

ఫ్లోరైడ్‌ను పసిగట్టే రంధ్రాల చట్రాలు - నల్లగొండ గోసకు పనికొచ్చేనా?

నల్లగొండ: రెండు గాజు గ్లాసులు పక్కపక్కన పెట్టండి. ఒకదాంట్లో కృష్ణ నీళ్లు, ఇంకొకదాంట్లో మునుగోడు వైపు లోతు బోరు నీళ్లు పోయండి. రెండూ తేటగానే కనిపిస్తాయి. రంగులో తేడా లేదు. వాసన లేదు. బోరు నీళ్లు కాస్త చప్పగానో, ఉప్పగానో తగిలితే తగలవచ్చు గానీ అందులో ఉన్న ఫ్లోరైడ్ మాత్రం నాలుకకు అందదు. అదే మన జిల్లా పాలిట శాపమైంది. కనిపించే విషమైతే ఎవరూ తాగరు కదా!

మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ప్రాంతాల్లో ఈ కనిపించని సరుకు ఏం చేసిందో అక్కడివారికి కొత్తగా చెప్పనక్కరలేదు. బడిపిల్లల పళ్ల మీద గార చారలు. నలభై ఏళ్లకే నడుము పట్టేసి, మెడ తిప్పాలంటే మనిషే మొత్తం తిరగవలసిన పరిస్థితి. కాళ్లు దొడ్డిగా వంగిపోయిన బిడ్డలు. ఒకసారి ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను మందులతో కడిగివేయడం సాధ్యం కాదు. రాకుండా చూసుకోవడమే మార్గం. రాకుండా చూసుకోవాలంటే ఏ బోరులో ఎంత ఉందో ముందుగా తెలియాలి.

ఎంత ఉంటే ప్రమాదం? భారత ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఫరవాలేదు. వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు ఓర్చుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు కూడా 1.5 మిల్లీగ్రాములే. ఇంటి మీద వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉందనుకుందాం. ఆ ట్యాంకు మొత్తం మీద ఫ్లోరైడ్ ఒకటిన్నర గ్రాము, అంటే చిటికెడు ఉప్పంత. అది దాటితే హద్దు దాటినట్టే. అంత స్వల్పమైన దాన్ని పట్టుకోవడం తేలిక పని కాదు.

పైగా ఒక బోరు మాట పక్క బోరుకు చెల్లదు. మన నేల కింద ఉన్నది నల్లరాయి, గ్రానైటు. ఆ రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి నీటిలోకి దిగుతుంది. రాతి పగుళ్లు ఎటు పోతే నీరు అటు పోతుంది కాబట్టి ఒకే ఊరిలో ఒక బోరు మంచిది, కేకేస్తే వినపడే దూరంలో ఇంకో బోరు చెడ్డది కావచ్చు. వానాకాలం చూసిన లెక్క ఎండాకాలం నిలవకపోవచ్చు. చెరువులు నిండి చేదబావుల్లో నీళ్లున్న రోజులు పోయి, వందల అడుగుల లోతుకు బోర్లు దిగిన కొద్దీ ఈ బెడద ముదిరింది.

ఎడ్లు చెప్పిన కబురు

తెలుగు నేల మీద ఈ జబ్బు మొదట కాగితానికెక్కింది 1937లో. అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు దీన్ని గుర్తించి వైద్య పత్రికలో ప్రకటించారు. అయితే అంతకు ముందే రైతులకు అనుమానం వచ్చిందని ఆ చరిత్ర రాసినవారు చెబుతారు. కాడి కట్టిన ఎడ్లు ఉన్నట్టుండి కుంటడం, నడవలేక కూలబడటం చూసి, కొత్త ఎడ్లను తెచ్చుకుంటే కొన్నాళ్లకు అవీ అలాగే అయ్యాయట. ఆ తర్వాత అవే లక్షణాలు మనుషుల్లో కనబడ్డాయి. ఆనాటికి నీటి పరీక్ష చేసింది ఎడ్లే అనుకోవాలి.

నల్లగొండ పేరు ప్రపంచ పుస్తకాలకెక్కింది కూడా ఈ బాధ మూలంగానే. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరీ శాస్త్రజ్ఞులు 1970ల్లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే విధానాన్ని రూపొందించి, దానికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు పెట్టారు. ఇథియోపియా, టాంజానియా వంటి ఆఫ్రికా దేశాల దాకా ఆ పేరు వెళ్లింది. అందులో ఒక చిక్కుంది. ఎంత పటిక వేయాలన్నది నీటిలో ఎంత ఫ్లోరైడ్ ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. తక్కువ వేస్తే విషం మిగులుతుంది, ఎక్కువ వేస్తే పటికలోని అల్యూమినియం నీటిలో ఉండిపోతుంది. తూకం తెలియకుండా వేసే మందు అది. మళ్లీ మాట పరీక్ష దగ్గరికే వచ్చింది.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీకి దిగిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. సాగునీరు, తాగునీరు కోసం జిల్లా వేసిన కేక అది. పుస్తకమంత బ్యాలెట్ అచ్చువేయవలసి వచ్చింది. 2016 తర్వాత మిషన్ భగీరథ కింద ఇంటింటికీ నది నీరు కుళాయిల్లో రావడం మొదలైంది. ఇది చిన్న మార్పు కాదు. అయినా చేను దగ్గర దాహమైతే మోటారు పైపు కింద దోసిలి పట్టేవారు ఉన్నారు. కుళాయి రాని పూట బోరు నీటితో వంట చేసుకునే ఇళ్లూ ఉన్నాయి. బోరు గుట్టు తెలుసుకోవలసిన అవసరం తీరిపోలేదు.

రంగు మారితే లెక్క

నీటిలో ఫ్లోరైడ్‌ను కొలవడానికి పెద్ద ప్రయోగశాలల్లో ఎలక్ట్రోడు ఉన్న మీటరు వాడతారు. ఖచ్చితంగా చెబుతుంది గానీ దాన్ని సరిచూసుకుంటూ వాడే మనిషి కావాలి. ఊళ్లలో వాడే కిట్లు రంగు మీద ఆధారపడినవి. వాటిలో ఒక పాత రకంలో జిర్కోనియం అనే లోహాన్ని ఎర్రని రంగుతో జతకట్టి ఉంచుతారు. ఫ్లోరైడ్‌కు జిర్కోనియం అంటే మహా ఇష్టం. నీటిలో ఫ్లోరైడ్ ఉంటే వచ్చి జిర్కోనియాన్ని లాక్కుపోతుంది. ఒంటరైన రంగు ఎరుపు నుంచి పసుపుకు దిగుతుంది. ఎంత పసుపైతే అంత ఫ్లోరైడ్. పక్కన ఉన్న రంగుల అట్టతో పోల్చి చూడాలి. సాయంత్రం వెలుతురులో ఒకరికి నారింజ అనిపించింది మరొకరికి పసుపు అనిపిస్తుంది. ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య తేడా తేల్చవలసిన చోట ఇదే పెద్ద ఇబ్బంది.

ఈ పని మరింత నిక్కచ్చిగా చేయగల కొత్త సరుకు ఒకటి రసాయన శాస్త్రజ్ఞుల చేతికి వచ్చింది. కంటికి మామూలు పొడిలాగే ఉంటుంది. లోపల మాత్రం గూళ్లే గూళ్లు.

పందిరి వంటి పొడి

పొట్ల పందిరిని తలచుకోండి. రాటలు కలిసే చోట ముడులు, ముడికీ ముడికీ మధ్య వాసాలు, వాటి నడుమ ఖాళీ. అలాంటి పందిరినే పైకీ కిందికీ, నాలుగు దిక్కులా అంతులేకుండా కట్టుకుంటూ పోయి, మొత్తాన్ని ఇసుక రేణువంత స్ఫటికంలో ఇమిడ్చితే ఎలా ఉంటుందో ఈ పదార్థం అలా ఉంటుంది. ముడుల స్థానంలో లోహపు అణువులు, వాసాల స్థానంలో కర్బన రసాయనాలు. మధ్యలో ఖాళీ గదులు. ఆ గదుల్లోకి వాయువులు, నీరు, నీటిలో కరిగిన లవణాలు రాకపోకలు సాగించవచ్చు. వీటిలో 'మాఫ్ 5' అనే రకం రెండు గ్రాములు తీసుకుని లోపలి గోడలన్నీ పరిస్తే ఫుట్‌బాల్ మైదానమంత అవుతుందని లెక్క. అంటే చెంచాడు పొడిలో ఎకరంన్నర పైచిలుకు నేల!

ఈ చట్రాలను కనిపెట్టి పెంచినందుకు 2025 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమానాన్ని ముగ్గురికి కలిపి ప్రకటించారు. జపాన్‌కు చెందిన సుసుము కితగావా, ఆస్ట్రేలియాలో పనిచేసిన రిచర్డ్ రాబ్సన్, అమెరికాలోని ఒమర్ యాఘీ. విచిత్రమేమంటే దీని మొదలు ఒక బడి బొమ్మలో ఉంది. 1974లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు అణువుల అమరిక చూపించడానికి రాబ్సన్ చెక్క బంతులు తయారు చేయించారు. పుల్లలు గుచ్చడానికి బంతులకు ఎక్కడెక్కడ బెజ్జాలు పెట్టాలో వడ్రంగి పనివారికి గుర్తులు పెట్టి ఇచ్చారు. బంతులు వచ్చాక పుల్లలు గుచ్చుతుంటే, బెజ్జాలు ఉన్న చోటును బట్టి బొమ్మ దానంతటదే సరైన ఆకారానికి వస్తున్నదని ఆయనకు తట్టింది. నిజమైన అణువులతోనే ఇలా చేస్తే? ఆ ఆలోచనను పదేళ్లకు పైగా మనసులో ఉంచుకుని చివరికి రాగితో ప్రయత్నించి 1989లో ఫలితం ప్రకటించారు. వజ్రం లోపలి అమరికను పోలిన చట్రం వచ్చింది. గూళ్లు వచ్చాయి గానీ అది నిలకడ లేనిది. గట్టి చట్రాలు, గాలి లోపలికి బయటికి ఆడే చట్రాలు 1990ల్లో కితగావా, యాఘీల చేతుల్లో రూపుదిద్దుకున్నాయి. మాఫ్ 5 వచ్చింది 1999లో.

ఈ ముగ్గురిలో ఒమర్ యాఘీ కథ మన పల్లెవారికి దగ్గరగా అనిపిస్తుంది. ఆయన 1965లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో పాలస్తీనా శరణార్థుల కుటుంబంలో పుట్టారు. డజను మంది ఒకే గది. ఆ గదిలోనే పశువులు. కరెంటు లేదు. వారానికో రెండు వారాలకో ఒకసారి కొద్ది గంటలు మాత్రమే నీళ్లు వదిలేవారని, తెల్లవారుజామున లేచి ఆ నీళ్లు పట్టడం పిల్లవాడిగా తన పని అని ఆయన చెప్పుకున్నారు. పదేళ్ల వయసులో బడి గ్రంథాలయంలో ఒక పుస్తకంలో అణువుల బొమ్మలు చూసి, అవేమిటో తెలియకుండానే వాటి మోజులో పడ్డారట. పదిహేనేళ్లకు అమెరికా చేరారు. అలా నీళ్ల కోసం కాచుకున్న కుర్రవాడే పెద్దయ్యాక, అరిజోనా ఎడారిలో రాత్రి గాలిలోని తేమను పట్టి ఉంచి పగటి ఎండకు నీరుగా వదిలే చట్రాన్ని తయారు చేయించడం కాకతాళీయం అనుకోవడం కష్టం.

గండి పూడితే వెలుగు పెరుగుతుంది

ఇక మన ఫ్లోరైడ్ మాట. 2008లో అమెరికాలోని టెక్సాస్‌లో పనిచేస్తున్న పదార్థ రసాయన శాస్త్రజ్ఞుడు బాంగ్లిన్ చెన్, చైనాలోని సహచరులతో కలిసి ఒక చట్రాన్ని పరీక్షించారు. అందులో ముడులు టెర్బియం అనే లోహంవి. ఇది మనకు పరాయిది కాదు. ట్యూబ్‌లైటు గొట్టం లోపల పూసే తెల్ల పొడిలో పచ్చని కాంతిని ఇచ్చే భాగం ఈ టెర్బియమే. వాసాలు మూడు చేతులున్న ఒక కర్బన ఆమ్లంవి. ఈ పొడి మీద అతినీల కిరణాలు వేస్తే పచ్చగా మెరుస్తుంది. నోట్ల కట్టల్లో దొంగనోట్లు చూడటానికి దుకాణాల్లో ఊదారంగు దీపం పెడతారే, ఆ జాతి కిరణాలే.

మెరుపు ఎలా వస్తుందో రైతు భాషలో చెప్పుకోవచ్చు. వాసాలు కాలువల వంటివి. అవి కిరణాల శక్తిని పట్టి, ముడిలో ఉన్న టెర్బియం అనే మడికి పారిస్తాయి. మడి నిండితే పచ్చని వెలుగు. అయితే మడి గట్టుకు ఒక గండి ఉంది. టెర్బియాన్ని అంటిపెట్టుకుని ఉన్న ద్రవపు అణువులో ఆక్సిజన్, హైడ్రోజన్ల జంట ఒకటి ఉంటుంది. అది ఊరికే ఉండదు, అదురుతూ ఉంటుంది. పారిన శక్తిలో కొంత ఆ అదురులో కలిసి వెలుగు కాకుండానే ఖర్చైపోతుంది. ఇప్పుడు గదిలోకి ఫ్లోరైడ్ ప్రవేశించిందనుకోండి. అది వచ్చి ఆ హైడ్రోజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. గండి కొంత పూడుతుంది. మడి నిండుతుంది. పచ్చని వెలుగు పెరుగుతుంది. క్లోరైడ్, బ్రోమైడ్ వంటి దాని చుట్టాలు కూడా ఉన్నాయి గానీ, హైడ్రోజన్‌ను పట్టడంలో ఫ్లోరైడ్‌కు ఉన్న పట్టు వాటికి లేదు. అందువల్ల ఫ్లోరైడ్ దగ్గరే వెలుగు బాగా పెరిగింది.

రంగు అట్టతో పోల్చడానికీ, వెలుగును కొలవడానికీ తేడా ఉంది. వెలుగును చిన్న పరికరం అంకెల్లో చూపగలదు. చూసేవాడి కంటిని బట్టి, సాయంత్రపు వెలుతురును బట్టి మారదు. ఈ పరిశోధన మీద అందరి దృష్టి పడటానికి కారణం అదే.

మరి పదిహేనేళ్లు దాటినా ఆ పొడి మర్రిగూడకు ఎందుకు రాలేదు?

మొదటి అడ్డంకి నీరే. చెన్ బృందం ఆ ప్రయోగం చేసింది నీటిలో కాదు, మిథనాల్ అనే ద్రవంలో. నీటి అణువులోనూ ఆక్సిజన్, హైడ్రోజన్ల జంటలే ఉంటాయి. నీటిలో ముంచితే గండ్లు పుట్టలు పుట్టలుగా పుట్టుకొస్తాయి. ఒకటి పూడిస్తే ఇంకొకటి తెగుతుంది. పైగా నీరు చాలా చట్రాలను విప్పేస్తుంది. అంత పేరున్న మాఫ్ 5 కూడా గాలిలో తేమ తగిలితే కూలిపోయే రకం. వానకు తడిసిన పచ్చి ఇటుక గోడ అనుకోండి.

నీటికి నిలిచే చట్రం మీద ఆశ పుట్టింది కూడా 2008లోనే. నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయం వారు జిర్కోనియం ముడులతో ఒక చట్రం కట్టారు. 'యూఐఓ 66' అని పేరు. నీటిలో నానినా చెదరదు. ఇక్కడ పాత కథ మళ్లీ కలుస్తుంది. జిర్కోనియం అంటే ఫ్లోరైడ్‌కు ఇష్టమని పాత కిట్లు చేసినవారికి ఎప్పుడో తెలుసు. ఎర్ర రంగును పక్కకు నెట్టిన ఆ లోహమే ఇప్పుడు గూళ్ల చట్రానికి ముడి అయింది. అందుకే ఈ జాతి చట్రాలతో ఫ్లోరైడ్‌ను పసిగట్టడానికీ, పనిలో పనిగా నీటి నుంచి పీల్చివేయడానికీ ప్రపంచంలో చాలా ప్రయోగశాలలు పూనుకున్నాయి.

రెండో అడ్డంకి బోరు నీరు ఒంటరి నీరు కాకపోవడం. అందులో సున్నపు లవణాలు, సోడా లవణాలు, అక్కడక్కడ ఇనుము, ఎరువుల నుంచి దిగిన నైట్రేట్లు అన్నీ ఉంటాయి. డీఏపీలో ఉండే ఫాస్ఫేటు కూడా జిర్కోనియాన్ని గట్టిగానే పట్టుకుంటుంది. వచ్చింది ఫ్లోరైడా, ఫాస్ఫేటా అన్నది చట్రానికి తేడా తెలియాలి. తేడా తెలియకపోతే మంచి బోరుకు చెడ్డపేరు వస్తుంది. అంతకంటే ఘోరం, చెడ్డ బోరుకు మంచిపేరు వస్తుంది. ప్రయోగశాలలో శుద్ధమైన నీటిలో ఫ్లోరైడ్ కలిపి చూసిన ఫలితాలను మాత్రమే చూసి మురిసిపోవడం తొందరపాటే. చండూరు బోరు నీటిలో నిలిస్తేనే అది మనకు పరీక్ష.

మూడోది ఖర్చు. టెర్బియం అరుదైన లోహం. అయితే ఒక్కో పరీక్షకు కావలసింది చిటికెడు కన్నా తక్కువే కాబట్టి ఇది దాటలేని అడ్డంకి కాదు. పొడిని కాగితపు పట్టీ మీద పూసి, నీటిలో ముంచి, చేతి దీపం కింద చూసే పద్ధతి మీద పరిశోధకులు దృష్టి పెడుతున్నారు. పట్టీ, దీపం, ఒక సెల్‌ఫోను ఉంటే అంగన్‌వాడీలో కూడా పరీక్ష జరగాలన్నది వారి ఆశ.

ఇవే చట్రాలను వేరే పనులకూ మలుస్తున్నారు. పుణేలోని ఐసర్ సంస్థ రసాయన శాస్త్రజ్ఞులు 2013లో పేలుడు పదార్థాలను గుర్తుపట్టే చట్రం గురించి ప్రకటించారు. అక్కడ తిరకాసుగా, అసలు సరుకు తగిలితే వెలుగు పెరగదు, ఆరిపోతుంది. పండ్లను మగ్గబెట్టే ఎథిలీన్ వాయువును గూళ్లలో బంధించి, మామిడి వంటివి తొందరగా మగ్గకుండా చూసే ప్రయత్నాలూ ఉన్నాయి. అది మరో కథ.

అంతవరకు ఏం చేయాలి?

కొత్త పట్టీ వచ్చేదాకా పాత పరీక్ష మానుకోనక్కరలేదు. నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందన్న నమ్మకం చాలా ఊళ్లలో ఉంది. అది తప్పు. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ ఆవిరి కాదు. నీరు ఇగిరిన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. బట్టతో వడగట్టినా, చిల్లగింజ వేసి తేర్చినా పోదు. ముఖ్యంగా ఎనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో జాగ్రత్త అవసరం. స్థిరమైన పళ్లు చిగురు లోపల తయారయ్యేది ఆ వయసులోనే. అప్పుడు పడిన మచ్చ తర్వాత ఎంత తోమినా పోదు.

కుళాయిలో నది నీరు వచ్చే చోట తాగడానికీ, వంటకూ ఆ నీరే వాడాలి. చేను దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంటి నుంచే క్యానులో తీసుకుపోవడం మంచిది. తాగక తప్పని బోరు ఉంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోవాలి. నమూనాకు గాజు సీసా పనికిరాదు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసా కావాలి. మోటారు వేసి కొంతసేపు నీళ్లు పోనిచ్చి, అదే నీటితో సీసాను రెండు మూడు సార్లు తొలిచి, మెడదాకా నింపి మూత బిగించాలి. సీసా మీద ఊరు, బోరు ఎవరిది, ఎన్ని అడుగుల లోతు, నీళ్లు పట్టిన తేదీ రాయాలి. వానాకాలం ఒకసారి చూపించిన బోరునే నడి ఎండల్లో మళ్లీ ఒకసారి చూపించాలి.